గైడ్ మైక్‌లో చెప్పని ఊళ్ళు

సంక్రాంతి సెలవుల్లో నలుగురం కలిసి మా రూమ్మేట్ వాళ్ళింటికి చింతూరు వెళ్ళాం. ప్లాన్ మొత్తం నాదే. పాపికొండల బోటెక్కాలి, పైడెక్ మీద సన్‌సెట్ రీల్ తీయాలి, అంతే. వాడు మాత్రం "చిన్నప్పట్నుంచి చూసే నీళ్ళే కదరా" అని ఊరుకున్నాడు.

వాళ్ళింటి గోడ మీద నా తలకంటే ఎత్తులో ఒక మట్టి గీత ఉంది. సున్నం వేసినా పోలేదట. అది 2022 జూలై వరద గుర్తు. అప్పుడు భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. చింతూరు ఉన్నది శబరి ఒడ్డున కదా, గోదావరి వరద ఇక్కడికెలా వచ్చిందని అడిగాను. వాళ్ళమ్మగారు నవ్వారు. "కూనవరం దగ్గర శబరి పోయి గోదారిలో కలుస్తుంది బాబూ. గోదారి నిండుగా ఉంటే దీన్ని రానిస్తుందా? ఎనక్కి తన్నేస్తుంది." ముందు క్యూ నిండితే వెనక ఏమవుతుందో నేను డేటా స్ట్రక్చర్స్‌లో చదివాను. ఆవిడ ఇల్లు మునిగి తెలుసుకున్నారు.

మర్నాడు వి.ఆర్.పురం మీదుగా పోచవరం రేవుకెళ్ళి బోటెక్కాం. గైడ్ హుషారైన మనిషి. తల మధ్య పాపిడిలా కొండల మధ్య నది ఉంటుంది కాబట్టి పాపికొండలు అన్నాడు. 1973లో బాపు గారి అందాల రాముడు, 2006లో శేఖర్ కమ్ముల గోదావరి, రెండూ ఈ నది మీద బోటు కథలే అన్నాడు. తర్వాత పాటలు, అంత్యాక్షరి, డాన్సులు. నేనూ గెంతాను, అబద్ధమెందుకు!

సన్‌సెట్ మాత్రం దొరకలేదు. అక్కడ కొండలు రెండు వైపులా దగ్గరికొచ్చేస్తాయి, సూర్యుడు ముందే వెనక్కి వెళ్ళిపోతాడు. పైగా చీకటి పడేలోపు బోటు రేవుకి చేరాలి. రీల్ పోయిందని నేను ఏడుస్తుంటే రూమ్మేట్ ఒడ్డు వైపు చెయ్యి చూపించి "అదిగో, మా అమ్మమ్మ వాళ్ళ ఊరు" అన్నాడు. నాలుగైదు తాటాకు కప్పులు, ఒక నాటు పడవ, నీళ్ళకొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు. అప్పుడు గైడ్ మైక్‌లో ఏం చెప్తున్నాడో తెలుసా? లంచ్ మెనూ.

నా గొడవ ఇదే. పోలవరం రిజర్వాయరు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి నీళ్ళు నిలిపితే ఈ ఒడ్డున ఉన్న కోయ, కొండరెడ్డి ఊళ్ళు చాలా వరకు అడుగుకి పోతాయి. చింతూరు మండలమే 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది, ఈ ముంపు కారణంగానే ఆంధ్రలోకి వచ్చింది. ఇంత పెద్ద విషయం జరిగే చోటు మధ్యలోంచి మనం గంటల తరబడి వెళ్తాం, దాని గురించి ఒక్క మాట వినం. డ్యామ్ కావాలా వద్దా అనే వాదన వేరే. కనీసం ఊరి పేరు చెప్పాలి కదా. సినిమా షూటింగ్ జరిగిన రాయికి ఉన్న పరిచయం మనుషులున్న ఊరికి లేకపోతే ఎలా?

దిగాక గైడ్‌నే అడిగాను. "సరదాగా వచ్చినోళ్ళకి ఏడుపు కథలు చెప్తే మళ్ళీ వస్తారా సార్?" అన్నాడు. ఆయన కూలి ఆయనది, కాదనలేను. కానీ తప్పు సగం మనదే అనిపించింది. మనం డీజే అడిగాం, ఆయన డీజే ఇచ్చాడు. అదే మైక్ ఆ ఒడ్డు ఊళ్ళ కుర్రాళ్ళకిస్తే? వాళ్ళకి పనీ దొరుకుతుంది, ఏ సుడి ఎక్కడుందో కూడా వాళ్ళకే తెలుసు.

ఇది ఊరికే అనడంలేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగినప్పుడు ముందుగా నాటు పడవలేసుకుని వచ్చి మనుషుల్ని లాగింది చుట్టుపక్కల గిరిజనులే. మునిగిన బోటుని అక్టోబర్ 22న బయటికి తీసింది కూడా కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం, పెద్ద పెద్ద యంత్రాలతో వచ్చినవాళ్ళు కాదు. అంతకుముందు ఏడాది, 2018 మే 15న, మంటూరు దగ్గర ఈదురుగాలికి ఒక లాంచీ మునిగింది. అందులో ఎక్కువమంది ఊళ్ళకి తిరిగి వెళ్తున్న గిరిజనులు. మనకి బోటంటే పిక్నిక్, వాళ్ళకి అదే ఆర్టీసీ బస్సు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఫొటోలో బాగుండదని నేను పైడెక్ మీద లైఫ్ జాకెట్ విప్పేశాను. రూమ్మేట్ ఏమీ అనకుండా దాన్ని తీసుకొచ్చి నాకు మళ్ళీ తొడిగి, బకిల్స్ మూడూ పెట్టాడు. వాడు ఆ జాకెట్ రేవులో వేసుకున్నవాడు దిగేదాకా తియ్యలేదు.

వచ్చే సెలవులకి ఇంకో బ్యాచ్ వెళ్దామంటోంది. ఈసారి మైక్ ఒక పది నిమిషాలు ఇవ్వమని బోటువాళ్ళని అడుగుదాం అన్నాను. వాడు ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత వాళ్ళ అమ్మమ్మకి ఫోన్ చేసి, పోచవరం నుంచి పేరంటాలపల్లి దాకా ఊళ్ళ పేర్లు వరసగా చెప్పించుకుంటూ నా ల్యాబ్ రికార్డు వెనక పేజీలో రాసుకున్నాడు.