ప్రతి బిడ్డకూ సరైన తూకం: సుక్మా జిల్లా కలెక్టర్‌కు బహిరంగ లేఖ



బిడ్డ బరువు ఒక్కటే ఎదుగుదలను పూర్తిగా చెప్పదు. వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం గిడసబారడం. అది చాలాకాలపు లేమికి గుర్తు. ఎత్తుకు తగ్గ బరువు లేకపోవడం చిక్కిపోవడం. అది ఇటీవలి ఆకలికో జబ్బుకో గుర్తు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ఎదుగుదల ప్రమాణాలే దేశమంతటా కొలమానం.

కొలత తప్పితే లెక్కంతా తప్పుతుంది. ఖాళీ జోలెతో త్రాసు ముల్లు సున్నా మీద నిలవాలి. బట్టలు విప్పి తూచాలి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి, ఒకరు తల, మరొకరు మోకాళ్లు, పాదాలు పట్టి పొడవు కొలవాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు దండచుట్టు 11.5 సెంటీమీటర్ల కన్నా తగ్గినా, రెండు పాదాలూ నొక్కితే సొట్ట పడినా అది తీవ్ర పోషకాహార లోపమే.

జిల్లాలోని దోర్నపాల్‌లోనూ చుట్టుపక్కల అడవి పల్లెల్లోనూ ప్రతి అంగన్‌వాడీకి సరిచూసిన త్రాసు, పొడవు కొలిచే బల్ల అందాలి. గోండి, దోర్లా, తెలుగు మాట్లాడే తల్లులకు వృద్ధి పటం వారి మాటల్లోనే వివరించాలి. తీవ్ర లోపమున్న బిడ్డను ఆలస్యం లేకుండా పోషకాహార పునరావాస కేంద్రానికి చేర్చడానికి వాహనం ఉండాలి. ఈ మూడింటికీ తక్షణం ఆదేశాలివ్వాలని విన్నపం.