సిమెంటు పెట్టిన పన్ను



మా మనుమడికి ఎనిమిదో యేట దవడపన్ను పుచ్చితే సిమెంటు పెట్టించాము. రెండేళ్ళు తిరగకుండానే అది వూడి చేతిలోకి వచ్చింది. "సిమెంటు మంచిది కాదు, తాతయ్యా!" అన్నాడు వాడు.

డాక్టరు గారు ఆ ముక్కను చూపించారు. అది చెక్కుచెదరలేదు. దాని చుట్టూ వున్న పన్నే మళ్ళీ పుచ్చింది!

మా కొమరోలు వైపు బండల మిద్దెలున్నాయి. వాన పడితే కారేది బండ కాదు, బండకూ బండకూ మధ్యనున్న సందు. సిమెంటు పెట్టిన పన్నూ అంతే. సిమెంటు అంచున కంటికి కనబడని సందు వుంటుంది. అక్కడ పాచి పేరుకుంటే, అందులోని సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పన్నును కరిగిస్తుంది.

దీనిని కడిగివేసే పని మన నోటిలోని వుమ్మిది. అందుకు దానికి సుమారు అరగంటో, అంతకన్న ఎక్కువో పడుతుంది. అందుచేత ఎంత తీపి తిన్నామన్నదానికన్న, ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. నాలుగు బిళ్ళలు భోజనం కాగానే తింటే పంటికి ఒక్క గండం. గంటకొకటి చొప్పున చప్పరిస్తే నాలుగు గండాలు! నిద్రలో వుమ్మి తక్కువగా వూరుతుంది కనుక, రాత్రి పళ్ళు తోముకున్నాక నీళ్ళు తప్ప మరేమీ తీసుకోరాదు.

ఫ్లోరైడు వున్న పేస్టు పంటి పైపొరను గట్టిపరుస్తుంది. చిన్నపిల్లలకు బఠాణీ గింజంత చాలు, మింగక వుమ్మివేయాలి. ఎందుకంటే మేలుచేసే ఫ్లోరైడే మితిమీరితే కీడు. నెల్లూరు జిల్లా పల్లెల్లో బావినీటి ఫ్లోరైడు పళ్ళనూ ఎముకలనూ పాడుచేస్తున్నదని 1937లోనే డాక్టర్లు ప్రకటించారు. తాగేనీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు.

వెండిరంగు సిమెంటు పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. అంతవరకూ ఆ వైపు నమలవద్దు. పంటిరంగుది నీలికాంతి సోకగానే గట్టిపడుతుంది. ఏ రంగుదైనా సరే, ఆ పంటితో సోడామూతలు తీయకండి, చింతగింజలు కొరకకండి.

తల్లిదండ్రులకు ఒక మాట: ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనుక వచ్చే దవడపన్ను పాలపన్ను కాదు. పోతే మళ్ళీ రాదు. సిమెంటు అంచున నల్లగీత కనబడినా, మెతుకులు ఇరుక్కుంటున్నా, చల్లనీళ్ళకు జివ్వుమన్నా, నొప్పి వచ్చేదాకా ఆగక డాక్టరుకు చూపించండి.

మా మనుమడికి మళ్ళీ సిమెంటు పెట్టించాము. ఈసారి జేబులో బిళ్ళలు మానేశాడు. సందు కాపాడితే మిద్దె నిలుస్తుందని వాడికి తెలిసింది!