ఎవరి తపస్సు? ఎవరికి భంగం?

మన పురాణాల్లో మగవాడు కళ్ళు మూసుకుని కూర్చుంటే చాలు, దాన్ని చెడగొట్టడానికి ఒక ఆడది కథలోకి రావాల్సిందే. విశ్వామిత్రుడి తపస్సు చెడింది కాబట్టి ఆ పేరు మేనకకి వచ్చింది. ఆమెను పంపింది ఇంద్రుడు, కళ్ళు తెరిచింది ముని. అయినా యుగాలుగా మనం నేర్చుకున్న పాఠం మాత్రం మేనక వల్ల తపోభంగం జరిగిందనే. ఆ తర్వాత పుట్టిన పసిపిల్లను అడవిలో వదిలేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. కథకి పేరు పెట్టినవాళ్ళకి ఆ పసిపిల్ల ఏడుపు భంగంగా తోచలేదు. ముని ఏకాగ్రత ఒక్కటే విలువైనది, మిగిలినవన్నీ దానికి అడ్డాలు.

ఈ పాత కథ నాకు అమెరికా బేస్‌బాల్ వార్తలు చదువుతున్నప్పుడల్లా గుర్తొస్తుంది. క్రికెట్ పిచ్చిలో బతికే మనకి ఆ ఆటతో పెద్దగా పని లేదు. కానీ అక్కడి మీడియా, యాజమాన్యాలు వాడే ఒక మాటతో మనకి చాలా పని ఉంది. అది ‘డిస్ట్రాక్షన్’. ఏకాగ్రతకి భంగం అన్నమాట. ఏటా ఫిబ్రవరి మధ్యలో ముప్ఫై జట్లూ శిక్షణ శిబిరాలకి వెళ్తాయి. పదిహేను అరిజోనాకి, పదిహేను ఫ్లోరిడాకి. దాదాపు ఆరు వారాల ఈ ‘స్ప్రింగ్ ట్రైనింగ్’లో గెలుపోటములకి లెక్క లేదు. రాయడానికి ఆట లేదు కాబట్టి పత్రికలు జట్టు చుట్టూ ఉన్న గొడవల మీద పడతాయి. ఆటగాడి మీద ఒక స్త్రీ చేసిన ఫిర్యాదైనా, ఒప్పందం డబ్బుల మీద పేచీ అయినా, యజమాని నోరు జారడమైనా అన్నీ ఒకే గంపలో పడతాయి. అన్నిటికీ ఒకటే పేరు. అన్నిటి గురించీ ఒకటే ప్రశ్న: ‘జట్టు దీన్నుంచి ఎప్పుడు బయటపడుతుంది?’

ఆ గంపలో వేసినవాటిలో దేనికి ఎంత బరువు ఇచ్చారో తూచి చూద్దాం. అందుకు 2016 వసంతం ఒక్కటి చాలు.

ఆరోల్డిస్ చాప్‌మన్ అసాధారణ వేగంతో బంతి విసిరే ఆటగాడు. 2015 అక్టోబర్ 30 రాత్రి ఫ్లోరిడాలోని అతని ఇంటికి పోలీసులు వచ్చారు. తనని నెట్టాడనీ, మెడ పట్టుకున్నాడనీ అతని స్నేహితురాలు చెప్పింది. అతను కాదన్నాడు. గ్యారేజీలో ఎనిమిది సార్లు తుపాకీ పేల్చిన సంగతి మాత్రం పోలీసు నివేదికలో ఉంది. ప్రాసిక్యూటర్లు కేసు పెట్టలేదు. డిసెంబర్‌లో ఈ సంగతి బయటికి రాగానే, అతన్ని తీసుకోబోతున్న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వెనక్కి తగ్గింది. అదే నెల 28న న్యూయార్క్ యాంకీస్ అతన్ని తీసుకుంది. బదులుగా సిన్సినాటి రెడ్స్‌కి ఇచ్చింది కింది స్థాయి ఆటగాళ్ళు నలుగురిని. ఉన్న పరిస్థితుల వల్ల ధర మారిందని యాంకీస్ జనరల్ మేనేజర్ బ్రయన్ క్యాష్‌మన్ దాపరికం లేకుండా చెప్పాడు.

ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. ఒక స్త్రీ ఆ రాత్రి పడ్డ భయం ఆటగాళ్ళ సంతలో తగ్గింపు ధరగా మారింది. ఆ తగ్గింపు ఆమెకి దక్కలేదు, కొన్నవాడికి దక్కింది.

గృహహింసపై లీగూ, ఆటగాళ్ళ సంఘమూ కలిసి 2015 ఆగస్టులో ఒక విధానం తెచ్చాయి. దాని కింద మొదటి శిక్ష చాప్‌మన్‌దే. 2016 మార్చి 1న ప్రకటించారు: ముప్ఫై మ్యాచ్‌ల నిషేధం. కానీ అది అసలు సీజన్‌కే. శిక్షణ శిబిరంలో అతను ఎప్పటిలాగే ఉండొచ్చు, ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఆడొచ్చు. ఆడాడు కూడా. అతను వచ్చేదాకా ఆఖరి ఇన్నింగ్స్ ఎవరు వేస్తారన్నది అప్పుడు జట్టుకి పెద్ద ప్రశ్న.

ఇప్పుడు అదే మార్చిలో, దేశానికి అవతలి కొసన, అరిజోనాలోని గ్లెండేల్‌కి వెళ్దాం. షికాగో వైట్ సాక్స్ శిబిరం అక్కడే. ఆ జట్టులోని ఆడమ్ లారోష్‌కి పద్నాలుగేళ్ళ కొడుకు ఉన్నాడు. ఆ పిల్లవాడు దాదాపు ప్రతిరోజూ తండ్రితో క్లబ్‌హౌస్‌కి వచ్చేవాడు. అతనికి అక్కడ యూనిఫాం, లాకరు కూడా ఉన్నాయి. జట్టు ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్ కెన్ విలియమ్స్ పిల్లవాడి రాకపోకలు తగ్గించమన్నాడు. లారోష్ ఆ ఏడాది రావాల్సిన కోటీ ముప్ఫై లక్షల డాలర్లు వదులుకుని ఆటకే స్వస్తి చెప్పాడు.

ఆ తర్వాత జరిగింది చూడాలి. సహచరులు ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌ని బహిష్కరించేదాకా వెళ్ళారు. మేనేజర్ నచ్చజెప్పాక ఆగారు. జట్టులోని ముఖ్య బౌలర్ క్రిస్ సేల్ విలియమ్స్‌ని విలేకరుల ముందే కడిగేశాడు. తండ్రి ప్రేమ, పని, కుటుంబం గురించి దేశమంతా చర్చ. బేస్‌బాల్ చూడనివాళ్ళు కూడా అభిప్రాయాలు చెప్పారు. అదే నెలలో, అదే ఆటలో, గృహహింస విధానం కింద మొదటిసారి శిక్ష పడినప్పుడు ఏ జట్టూ మ్యాచ్ బహిష్కరిస్తామనలేదు. పిల్లవాడి రాకపోకలు తగ్గించమంటే పొంగుకొచ్చిన సోదరభావం ఎనిమిది తూటాల దగ్గర నిశ్శబ్దంగా ఉండిపోయింది.

పిల్లలతో గడపాలనుకున్న తండ్రిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పిల్లల పెంపకంలో మగవాళ్ళు పాలు పంచుకోవాలని దశాబ్దాలుగా అడుగుతున్నది మనమే. కానీ ఆ క్లబ్‌హౌస్‌లో మురికి బట్టలు ఉతికేవాళ్ళూ, స్టేడియంలో తినుబండారాలు అమ్మే ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకీ పద్నాలుగేళ్ళ పిల్లలుంటారు, పద్నాలుగు నెలల పిల్లలూ ఉంటారు. వాళ్ళలో ఒకామె పిల్లను చంకనేసుకుని పనికి వస్తే మ్యాచ్ ఆడనని ఏ స్టార్ భీష్మించుకుంటాడు? పిల్లల్ని పనిచోటికి తెచ్చుకునే హక్కు అందరిదీ అయినప్పుడు అది హక్కు. ఒక్కడిదే అయితే అది హోదా. కోటీ ముప్ఫై లక్షల డాలర్లని కాదనుకోగలిగినవాడి త్యాగం వార్త అవుతుంది. పిల్లకి జ్వరమొచ్చి రోజు కూలి పోగొట్టుకున్న తల్లి త్యాగానికి త్యాగమన్న పేరే ఉండదు.

ఈ క్లబ్‌హౌస్ అనే గదికి ఒక చరిత్ర ఉంది. 1977 వరల్డ్ సిరీస్ సమయంలో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక రిపోర్టర్ మెలిసా లుడ్కీని ఆ గదిలోకి రానివ్వలేదు. మగ రిపోర్టర్లు ఆట అయిన వెంటనే లోపలికెళ్ళి ఆటగాళ్ళతో మాట్లాడుతుంటే ఆమె బయట నిలబడాలి. ఆటగాళ్ళ భార్యలని సంప్రదించలేదనీ, ఆడది లోపలికొస్తే ఆటగాళ్ళ పిల్లల్ని బడిలో తోటి పిల్లలు వెక్కిరిస్తారనీ తనకి కారణాలు చెప్పారని ఆమె తర్వాత వివరించింది. చూడండి, ఆనాడు కూడా పిల్లలే అడ్డం! ఆమె కోర్టుకెళ్ళింది. 1978లో న్యాయమూర్తి కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. అమెరికా ఫెడరల్ న్యాయమూర్తి అయిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమే. పని చేసుకోవడానికి ఒక స్త్రీ కోర్టుకెక్కి సంపాదించుకోవాల్సిన గది అది. ఒక పిల్లవాడికి తండ్రి వేలు పట్టుకుని వెళ్తే లాకరు దొరికిన గదీ అదే.

‘కోర్టు దోషి అనలేదు కదా’ అని అడిగేవాళ్ళుంటారు. నిజమే, అనలేదు. నేను తీర్పు ఇవ్వడం లేదు. నేనడుగుతున్నది ఆ ఘటనని ఏ పేరుతో పిలిచారన్నదే. విచారణ జరగాల్సిన సంగతి అంటే అది ఒక స్త్రీ జీవితానికి సంబంధించింది అవుతుంది. ఏకాగ్రతకి భంగం అన్నారంటే అది జట్టుకి పట్టిన తలనొప్పిగా కుదించుకుపోతుంది. మొదటి పేరు పెడితే ఆమెకేం జరిగిందని అడగాలి. రెండో పేరు పెడితే వాళ్ళకి ఎంత ఇబ్బంది అయిందని అడిగితే చాలు. బాధితుల స్థానంలో జట్టు కూర్చుంటుంది.

ఈ మాటకి ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఎవరి కష్టమూ కంటపడకుండా చేయడం. ఆ రోజుల్లో అవే శిబిరాల్లో కింది స్థాయి ఆటగాళ్ళు వందలమంది రోజంతా చెమటోడ్చేవాళ్ళు. శిక్షణ కాలానికి వాళ్ళకి జీతం లేదు. 2014లో కొందరు దావా వేశారు. అది పని కాదు, శిక్షణ, దాని వల్ల లాభం వాళ్ళకే అని లీగు తరఫున వాదించారు. ఈ వాదన మనకి ఎక్కడో విన్నట్టు లేదూ? వంట పని కాదు, ప్రేమ. పిల్లల పెంపకం పని కాదు, మాతృత్వం. జీతం ఎగ్గొట్టాలనుకున్నప్పుడల్లా పనికి ఒక అందమైన పేరు దొరుకుతుంది. 2022లో 18.5 కోట్ల డాలర్లకి ఆ దావా రాజీ అయింది. 2023లో ఆ ఆటగాళ్ళకి మొదటి సామూహిక ఒప్పందం వచ్చింది. అంతకుముందు అన్ని వసంతాల్లోనూ ఆ కుర్రాళ్ళ ఖాళీ జేబు ఎవరి ఏకాగ్రతనీ చెడగొట్టలేదు.

మరి చాప్‌మన్ కథ ఎలా ముగిసింది? 2016 జూలైలో యాంకీస్ అతన్ని షికాగో కబ్స్‌కి ఇచ్చి, తాము ఇచ్చినదానికంటే ఎంతో విలువైన యువ ఆటగాళ్ళని తెచ్చుకుంది. తగ్గింపు ధరకి కొని మంచి ధరకి అమ్మింది. ఆ శరదృతువులో కబ్స్ 108 ఏళ్ళ తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది. డిసెంబర్‌లో యాంకీస్ అతన్నే ఐదేళ్ళకి 8.6 కోట్ల డాలర్లతో మళ్ళీ తీసుకుంది. భంగమన్నారు కానీ భంగపడింది ఎవరు?

దీనికి జవాబు 2021లో దొరికింది. జనవరిలో న్యూయార్క్ మెట్స్ జనరల్ మేనేజర్ జారెడ్ పోర్టర్‌ని తొలగించారు. 2016లో అతను ఒక మహిళా రిపోర్టర్‌కి అసభ్య చిత్రాలూ, జవాబివ్వకపోయినా వరసపెట్టి మెసేజ్‌లూ పంపిన సంగతి బయటపడింది. వేరే దేశం నుంచి ఈ ఆట గురించి రాయడానికి వచ్చిన స్త్రీ ఆమె. ఫిబ్రవరిలో, శిబిరాలు తెరవడానికి కొద్ది రోజుల ముందు, కోచ్ మికీ క్యాలవే మీద ఐదుగురు మహిళా జర్నలిస్టులు ఆరోపణలు చేశారు. లీగు విచారణ జరిపి మేలో అతన్ని 2022 చివరిదాకా పక్కన పెట్టింది. పత్రికలు మళ్ళీ జట్ల మీద పడిన నీడ గురించి రాశాయి. కానీ పోర్టర్ అన్నేళ్ళూ పదవుల్లో ఎదుగుతూనే ఉన్నాడు. ఆ రిపోర్టర్ మాత్రం జర్నలిజమే వదిలేసి వెళ్ళిపోయింది. ఆమెది కూడా ఒక సాధనే. ఆమె కూడా కళ్ళార్పకుండా ఆటని చూసింది, భాష నేర్చుకుంది, పరాయి దేశంలో ఒంటరిగా నిలబడింది. నిజంగా భంగమైన తపస్సు అది. దానికి ఏ పురాణమూ లేదు.

ఇదంతా ఎక్కడో అమెరికాలో, మనకి అర్థం కాని ఆటలో జరిగింది కదా అనుకోలేను. మన సాహిత్య సభల్లో, విశ్వవిద్యాలయాల సెమినార్లలో ఈ మాటకి తెలుగు అనువాదాలు చాలానే విన్నాం. ‘విషయం పక్కదారి పట్టిస్తున్నారు’, ‘రచన గురించి మాట్లాడండి, రచయిత వ్యక్తిగత జీవితం ఎందుకు?’, ‘ఉద్యమానికి ఇది సమయం కాదు’. ఒక స్త్రీ లేచి నాకు ఈ అన్యాయం జరిగిందనగానే చర్చకి ఎంత భంగమైందో లెక్కలు తీస్తారు. ఆమె రాయడం మానేసిన ఏళ్ళని, వదులుకున్న పరిశోధనని ఎవరూ లెక్కపెట్టరు. సాహిత్యమూ, ఉద్యమమూ, ఆటా మగవాడి తపస్సులైతే, మన జీవితాలు వాటికి ఎప్పటికీ అంతరాయాలే.

అందుకే ఈ మాటని మనం ఒప్పుకోకూడదు. రాసేటప్పుడూ, విద్యార్థులతో మాట్లాడేటప్పుడూ, సభలో మైకు దొరికినప్పుడూ ఎవరైనా ‘దృష్టి మళ్ళిస్తున్నారు’ అంటే, ఎక్కడినుంచి ఎక్కడికి అని అడగాలి. చూడాల్సిన చోటి నుంచి ఇన్నాళ్ళూ మళ్ళించిన దృష్టిని తిరిగి తెచ్చే పని మనది. అడవిలో వదిలేసిన పిల్ల దగ్గరనుంచి కథ మొదలుపెడితే తపస్సు ఎవరిదో, భంగం ఎవరికో ఇంకోలా కనిపిస్తుంది.