వీసా మీకు, వీధి దానికా?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ వారం మళ్లీ అదే సందేశం. అమెరికా వెళ్తున్నారట, ఏడేళ్ల లాబ్రడార్‌ను మంచి కుటుంబానికి ఉచితంగా ఇస్తారట, పిల్లలతో బాగా కలిసిపోతుందట, నెలాఖరులోగా వచ్చి తీసుకెళ్లాలట. కింద వరసగా దండాల బొమ్మలు. దాన్ని వెంట తీసుకెళ్లరేం అని అడిగితే వచ్చిన జవాబు రెండే మాటలు: "టైం లేదండీ."

ఈ జవాబు నాకు మింగుడుపడదు. హెచ్‌1బీ లాటరీలో పేరొచ్చిందీ లేనిదీ మార్చి చివరికల్లా తెలిసిపోతుంది. ఉద్యోగం మొదలయ్యేది అక్టోబర్ 1 నుంచి. మధ్యలో ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో పిల్లల టీసీలు తీసుకుంటారు, ఫ్లాట్ అద్దెకిస్తారు, కారు అమ్ముతారు, ఆవకాయ నూనె కారకుండా ప్యాకింగ్ చేయించుకుంటారు. కుక్క మాత్రం టికెట్లు చేతికొచ్చాక గుర్తొస్తుంది.

నిజంగా ఎంత కాలం పడుతుందో చూడండి. కుక్కల రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల్లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మనల్ని చేర్చింది. ఆ దేశాల నుంచి దొంగ టీకా సర్టిఫికెట్లతో కుక్కలు రావడం ఎక్కువైందని 2021 జులైలో అసలు రానివ్వడమే ఆపేసింది. 2024 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం కుక్కకు ఆరు నెలల వయసు నిండాలి, మెడ వెనక చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి, చిప్ పడ్డాకే రేబిస్ టీకా పడాలి. మొదటి టీకా వేసిన 30 రోజులకు రక్తం తీసి, అనుమతి ఉన్న ల్యాబులో టీకా ఒంటికి పట్టిందో లేదో చూసే టైటర్ పరీక్ష చేయించాలి. రక్తం తీసిన రోజు నుంచి ప్రయాణానికి కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. అన్నీ కలిపి మూడు నెలలు. ఆరు నెలలున్నవాళ్లకు మూడు నెలలు దొరకవా?

అందరూ దెబ్బతినేది చిప్ దగ్గరే. కుక్కపిల్ల టీకా పుస్తకం తెరిస్తే రేబిస్ స్టిక్కర్లు ఏటా ఠంచనుగా అతికించి ఉంటాయి, డాక్టరు గారి సంతకాలుంటాయి, చిప్ నంబరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంటుంది. చిప్‌కు ముందు వేసిన టీకాలేవీ లెక్కలోకి రావు. మళ్లీ మొదటి నుంచి రావాలి. పిల్లను ఇంటికి తెచ్చిన కొత్తలోనే ఆ పదిహేను అంకెల చిప్ వేయించమని మన పశువైద్యులు గట్టిగా చెప్పాలి. టైటర్ లేకుండా వెళ్తే అక్కడ 28 రోజుల క్వారంటైన్, ఖర్చు మనదే. పైగా సీడీసీ గుర్తించిన కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దింపాలి. న్యూయార్క్ జేఎఫ్‌కే, అట్లాంటా, లాస్ ఏంజెలెస్ అలాంటివి. నిబంధనలొచ్చినప్పటి జాబితాలో మనవాళ్లు అంతమంది ఉన్న డాలస్ లేదు.

యూరప్‌కైతే రక్తం తీశాక మూడు నెలలు ఆగాలి. బ్రిటన్‌కూ అంతే, విమానంలో కార్గోగా తప్ప రానివ్వరు. ఆస్ట్రేలియా మన దేశం నుంచి నేరుగా అసలు ఒప్పుకోదు.

క్రేట్ సంగతి చాలామంది ఏజెంటుకు వదిలేస్తారు. వదలకండి, టేపు మీరే పట్టుకోండి. ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు ఎంతుందో, దానికి ముందుకాలి మోచేతి ఎత్తులో సగం కలిపితే క్రేట్ పొడవు. నిలబడ్డప్పుడు తల, చెవులు పైకప్పుకు తగలకూడదు. అందులో అది లేచి నిలబడాలి, తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. తలుపు తీయకుండానే బయట నుంచి నీళ్లు పోసే గిన్నె ఉండాలి. అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం అయాటా నిబంధనలివి, ఇరుకు క్రేట్‌ను కౌంటర్ దగ్గరే తిప్పి పంపేస్తారు. ఆ క్రేట్‌ను రెండు నెలల ముందే హాల్లో పెట్టండి, అందులోనే అన్నం పెట్టండి, అందులోనే పడుకోనివ్వండి. మత్తుమందు ఇచ్చి ఎక్కించే ఆలోచనే వద్దు, గాల్లో ఊపిరికీ గుండెకూ ప్రమాదం.

ఖర్చు లక్షల్లో ఉంటుంది, కాదనను. అంత పెట్టలేం అని ఉన్నమాట చెప్పేవాళ్లతో నాకు తగువు లేదు. వాళ్లయినా మార్చిలోనే కొత్త ఇల్లు వెతకడం మొదలుపెట్టాలి. ఏడేళ్ల కుక్కకు నెల రోజుల్లో ఇల్లు దొరకడం కష్టం.

ఇక పగ్‌లు కొన్నవాళ్ల బాధ వేరు. అప్పటి హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన ఆ బుజ్జికుక్కను చూసి ఊరూరా కొన్నారు. చప్పిడి ముక్కు జాతి కాబట్టి వేడికి, కంగారుకు ఊపిరాడదు. చాలా విమాన సంస్థలు కార్గోలో తీసుకోవు, తీసుకున్నా మామూలు కంటే పెద్ద క్రేట్ అడుగుతాయి. మంచుదేశాల హస్కీలను మే నెల హైదరాబాద్‌లో, విజయవాడలో అమ్మేది కూడా ఈ పగ్‌లను అమ్మే బ్రీడర్లే. అమ్మకం కోసం కుక్కల దిగుమతిని కేంద్రం 2016లోనే ఆపింది. ఇక్కడే ఈతల మీద ఈతలు వేయించి అమ్ముకునేవాళ్లను ఆపే నాథుడు లేడు. ఇది నేను ఇంతకుముందూ రాశాను, ఆగేదాకా రాస్తాను.

అసలు ఇన్ని పరీక్షలు మన కుక్కకే ఎందుకు? ప్రపంచంలో రేబిస్ చావుల్లో 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కరిచిన కుక్క ఎక్కువసార్లు వీధిదే, చనిపోయేది ఎక్కువగా పేదింటి పిల్లలే. నా కోపమంతా చివరికి ఇక్కడికే వస్తుంది. ఫ్లాట్‌లో పెరిగిన లాబ్రడార్ విమానం ఎక్కడానికి రక్తపరీక్ష అడిగే లోకంలో, బస్తీ పిల్లాడు బడికి నడిచే సందులో ఎన్ని కుక్కలకు టీకా పడిందో చెప్పేవాడు లేడు. 70 శాతం కుక్కలకు టీకా వేస్తే రేబిస్ గొలుసు తెగుతుందని ఎప్పుడో తేలింది. గోవా ఆ పని చేసింది. మూడేళ్లుగా తమ రాష్ట్రంలో ఒక్క రేబిస్ కేసూ లేదని ముఖ్యమంత్రి ప్రమోద్ సావంత్ 2021లో ప్రకటించగలిగారు. అదే ఏడాది కేంద్రం 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్ లేకుండా చేస్తామని కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. ఆ గడువు ముంచుకొస్తోంది.

మన రెండు రాష్ట్రాల్లో ప్రతి మున్సిపాలిటీ ప్రతి వార్డు ఆఫీసు గోడ మీద రెండు అంకెలు రాయాలి: ఈ వార్డులో కుక్కలెన్ని, ఈ ఏడాది టీకా పడ్డవెన్ని. 70 శాతం దాటని వార్డుకు కమిషనర్ జవాబు చెప్పాలి. వచ్చే కౌన్సిల్ సమావేశానికి ముందే మీ కార్పొరేటర్ ఇంటికెళ్లి ఈ రెండు అంకెలూ అడగండి.