ఒక చేను, ఇరవై ఏడు లెక్కలు

లోకం ఇంకా వేడెక్కితే పంటల గతి ఏమిటి? జవాబు కోసం ఎనభై, తొంభై ఏళ్ళు కాచుకు కూర్చోలేము గదా! అందుకని శాస్త్రజ్ఞులు కంప్యూటర్లలో పంటలు పండించి చూస్తున్నారు. నేల ఎటువంటిది, ఎప్పుడు విత్తారు, ఎరువు ఎంత, రోజూ ఎండా వానా ఎంత - ఇవి చెబితే చాలు. పైరు ఎప్పుడు పూత పడుతుందో, ఎన్ని బస్తాలు పండుతుందో లెక్క కట్టి చెబుతుంది. దీన్నే పంట నమూనా అంటారు.

చిక్కల్లా ఇటువంటి నమూనాలు డజన్లకొద్దీ వుండడమే. వీటన్నిటినీ ఒకచోట చేర్చి పోల్చడానికి 2010లో ‘ఆగ్‌మిప్’ అనే అంతర్జాతీయ బృందం ఏర్పడింది. అమెరికా శాస్త్రజ్ఞురాలు సింథియా రోజన్‌జ్వైగ్ దాని స్థాపకులలో ఒకరు.

2013లో వెలువడిన గోధుమ పరీక్ష సంగతి చూడండి. నెదర్లాండ్స్, అర్జెంటీనా, ఆస్ట్రేలియా, మన ఢిల్లీ - ఈ నాలుగుచోట్ల నిజంగా పండిన పంటలను 27 నమూనాల ముందు పెట్టారు. వివరాలన్నీ అందిన తర్వాత, జరిగిపోయిన పంటను చాలావరకు సరిగానే చెప్పాయి. రాబోయే కాలాన్ని గురించి అడిగేసరికి మాత్రం తలో దారీ పట్టాయి!

అలాగని శ్రమంతా వృథా కాలేదు. 2015లో 30 నమూనాల జవాబులను వరుసగా పేర్చి నడిమి అంకె తీస్తే, ఏ ఒక్క నమూనా కన్నా అదే నిజానికి దగ్గరగా వచ్చింది. వేడి ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ పెరిగితే ప్రపంచంలో గోధుమ దిగుబడి సుమారు నూటికి 6 వంతులు తగ్గుతుందని ఆ లెక్క.

అసలు పాఠం మాత్రం తేడాలలోనే వుంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే మొక్కకు మేత పెరిగినట్టే. కాని నేలలో నత్రజని లేకపోతే ఆ మేత ఒంటికి పట్టదు. 2014లో ఏడు ప్రపంచ నమూనాలను పోల్చినప్పుడు, నత్రజని కొరతను లెక్కలోకి తీసుకున్నవే ఎక్కువ నష్టం చూపించాయి. నష్టమంతా ముఖ్యంగా ఉష్ణదేశాలకే. అంటే ఎరువు కొనలేని పేదరైతుకు ఆ లాభం అందదన్న మాట.

2021 నాటి పోలికలో 12 నమూనాలు పాల్గొన్నాయి. పొగలు విపరీతంగా పెరిగిపోతే, శతాబ్దాంతానికి మొక్కజొన్న నూటికి 24 వంతులు తగ్గుతుందని, గోధుమ 18 వంతులు పెరుగుతుందని చెప్పాయి. బొగ్గుపులుసు వాయువు వల్ల గోధుమకు కలిగే మేలు మొక్కజొన్నకు అంతగా కలగదు. పోనీ, గోధుమ వుందిగదా అందామా? ఇవి లోకం మొత్తానికి సగటు. చలిదేశపు గాదె నిండినంత మాత్రాన, మొక్కజొన్న జావతో పొద్దు గడుపుకునే ఆఫ్రికా కుటుంబానికి కడుపు నిండదు.

కనుక ఇక మీదట ఎవరైనా ‘పంట ఇంత తగ్గుతుంది’ అని ఒకే అంకె చెబితే, మూడు ప్రశ్నలు వెయ్యండి: ఎన్ని నమూనాలు చూశారు? ఏ దేశపు నేలకు? ఎరువు చల్లిన చేనుకా, చల్లలేని చేనుకా?