ఉడుత మీద కేసు పెడతారా?

ఆత్రేయపురం పేరు చెబితే నోరూరుతుంది. పల్చటి పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద పరిచి రేకు తీసే ఆడవాళ్ల పనితనానికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సంతోషమే. కానీ ఆ దారిన పోయేటప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి. కోనసీమలో ఎటు పోయినా కొబ్బరి మట్టల సందున కరెంటు తీగలే. ఆ తీగకూ, కింద నడిచే మనిషికీ మధ్య ఉన్న రక్షణ ఎంత? పూతరేకంత!

2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలంలో కూలికి పోతున్న ఆడవాళ్ల ఆటో మీద హైటెన్షన్ తీగ తెగిపడింది. ఐదుగురు కాలిపోయారు. కారణమేమిటయ్యా అంటే, ఉడుత అన్నారు అధికారులు! నాలుగు నెలలు తిరిగాయో లేదో, నవంబరు 2న అనంతపురం జిల్లా దర్గాహొన్నూరులో ట్రాక్టరు మీద తీగ తెగింది. మరో నలుగురు కూలి తల్లులు పోయారు.

ఉడుత తీగ మీదికి ఎక్కదని ఎవరన్నారు? ఎక్కుతుంది. ఒళ్లు తీగకూ, తోక ఇనుప అడ్డకమ్మీకీ తగిలితే మంట లేస్తుంది, తీగ తెగవచ్చు. అది నిజమే అనుకుందాం. అసలు ప్రశ్న ఆ తర్వాతది. తెగిన తీగలో కరెంటు ఎందుకుంది? తీగ నేలను తాకగానే సబ్‌స్టేషన్‌లో రిలే పసిగట్టాలి, బ్రేకరు పడిపోవాలి, ఫీడరు ఆగిపోవాలి. బ్రేకరును పడగొట్టే శక్తి సబ్‌స్టేషన్‌ బ్యాటరీ నుంచి వస్తుంది. బ్యాటరీ చచ్చిపోతే రిలే అరిచినా బ్రేకరు కదలదు. పొడి నేల మీద పడిన తీగ నుంచి భూమిలోకి పోయే కరెంటు తక్కువ కాబట్టి, మామూలు రిలే దాన్ని గుర్తించకపోవచ్చు కూడా. అందుకే రిలేను పరీక్షించాలి, బ్యాటరీని చూడాలి, ఎర్తింగును కొలవాలి. ఇవన్నీ ఎప్పుడు చేశారో తేదీలతో చూపించమని అడిగే హక్కు చచ్చినవాళ్ల పిల్లలకు లేదా?

ఇక మన గోదావరి జిల్లాల సంగతి. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో కొబ్బరి చెట్లనూ, కరెంటు స్తంభాలనూ కలిపి కూల్చింది. 2025 అక్టోబరులో మొంథా మళ్లీ ఈ తీరానికే వచ్చింది. 2014 హుద్‌హుద్ తర్వాత విశాఖపట్నంలో ప్రపంచ బ్యాంకు డబ్బుతో భూగర్భ కేబుళ్లు వేశారు. వేయాల్సిందే. మరి కొబ్బరితోటలో దింపు కార్మికుడిది ప్రాణం కాదా? ఊరంతా తవ్వమని ఎవరూ అడగడం లేదు. మట్టలు తగిలేచోట తొడుగున్న తీగ వేయండి. తుపాను ముందు కొమ్మలు కొట్టండి. చేతికందే ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ కంచె కట్టండి. తగిన ఫ్యూజు తీగ సరఫరా చేయండి, రైతు రాగితీగ మెలిపెట్టి తానే పెట్టుకునే గతి తప్పించండి.

తాడిమర్రి మనకు దూరం అనుకోవద్దు. 2024 నవంబరులో తూర్పుగోదావరి జిల్లా తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతూ నలుగురు కుర్రాళ్లు కరెంటుకు బలయ్యారు. వీధి దాటే 11 కేవీ తీగ నేలకు 6.1 మీటర్ల ఎత్తున ఉండాలని, గోడకు 1.2 మీటర్లు ఎడంగా ఉండాలని 1956 నాటి విద్యుత్ నియమాలే చెప్పాయి. కొత్త నిబంధనలు వచ్చాయి, పోయాయి. కొలత బద్ద పట్టుకుని వీధిలోకి వచ్చిన ఇన్‌స్పెక్టరును మీ ఊళ్లో ఎంతమంది చూశారు?

తప్పు ఎవరి మీద తోయాలో వీళ్లకు బాగా తెలుసు. ఉడుత, గాలి, ఫ్లెక్సీ కట్టినవాడు, చివరికి లైన్‌మన్. 2019లో సచివాలయాల్లోకి తీసుకున్న ఎనర్జీ అసిస్టెంట్లు కూడా మన ఇళ్ల పిల్లలే. గ్లౌజు, హెల్మెట్, ఎర్తింగ్ రాడ్ లేకుండా స్తంభం ఎక్కించి, పడిపోతే నిర్లక్ష్యం అని రాయడం న్యాయమా?

సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. మధ్యప్రదేశ్‌లో వాననీటిలో పడున్న తీగ తగిలి సైకిలు మీద పోతున్న మనిషి చనిపోయిన కేసది. ఎవరో దొంగ కరెంటు కోసం తీగ తగిలించారని బోర్డు వాదించింది. అది కుదరదు, ప్రమాదకరమైన సరుకు నడిపేవాడిదే బాధ్యత అంది కోర్టు. తమ తప్పేమీ లేదన్నా పరిహారం తప్పదు. ఇక ఉడుత వాదన ఎక్కడ నిలుస్తుంది?

స్మార్టు మీటర్లతో సహా 2021లో కేంద్రం ప్రకటించిన పథకం విలువ మూడు లక్షల కోట్లు దాటింది. యూనిట్ లెక్క తప్పకూడదని ఇంత తపన! ప్రాణం లెక్క ఎవరు చూడాలి?

మనం చేయగలిగింది ఉంది. తీగ తెగితే దగ్గరికి పోవద్దు, 1912కు ఫోను చేయాలి. ఇనుప గెడతో కాయ కోయవద్దు. వాలిన స్తంభం కనిపిస్తే కాగితం మీద రాసిచ్చి, ముద్ర వేయించుకున్న నకలు దాచుకోవాలి. రేపు జరగరానిది జరిగితే ఆ నకలే సాక్ష్యం. గ్రామసభలో ఒకే మాట అడుగుదాం: మా ఊరి లైను చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు? తేదీ చెప్పండి, సంతకం చూపించండి.

ఉడుత ఎలాగూ జవాబు చెప్పదు. చెప్పాల్సింది జీతం తీసుకునేవాళ్లే.