ఊరి పిల్లల గేయనాటిక

పాఠశాలల వార్షికోత్సవములు సమీపించినప్పుడు ఊరూర ఒకే విధమైన సందడి కానవచ్చును. చలనచిత్రములోని పాట యొకటి యంత్రమునుండి వినవచ్చుచుండగా బాలబాలికలు దానికి తగినట్లు పెదవులు కదల్చుచు నృత్యము చేయుదురు. తల్లిదండ్రులు సంతోషముతో చప్పట్లు చరచెదరు. ఆ పిల్లల శ్రమను తక్కువగా తలంపరాదు. అయినను ఆ పాటను వ్రాసినవారు వేరు, పాడినవారు వేరు, అడుగులు కూర్చినవారు వేరు. పిల్లల పాలికి మిగిలినది అనుకరణము మాత్రమే. ఏటేట ఇంత శ్రమపడు పిల్లలు తమ కథను తామే ఎన్నుకొని, తమ మాటలతో పాటలు కట్టి, తమ ఊరివారి యెదుట ఆడరాదా యను ప్రశ్న విచారింపదగినది.

పాటలతో నడచు చిన్న నాటకమునకు గేయనాటిక యని పేరు. ఇట్టి ప్రదర్శనము తెలుగువారికి క్రొత్తది కాదు. యక్షగానము, వీధినాటకము మొదలైనవి పాటను ఆధారముగా చేసికొని బ్రతికినవే. బాలురు రంగమెక్కుటయు క్రొత్త కాదు. 1880లో కందుకూరి వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరమున తన ‘వ్యవహార ధర్మబోధిని’ని విద్యార్థులచేతనే ఆడించెను. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున ‘కీచకవధ’తో ఆరంభమైన సురభి నాటక కుటుంబములలో బిడ్డలు రంగస్థలముమీదనే పెరిగిరి, లవకుశుల వేషములు, ప్రహ్లాదుని వేషము వారికి ఓనమాలవలె అలవడెను. మదరాసు రేడియోలో తెలుగు పిల్లలకొరకు పాటుపడిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను బాలలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని ప్రేమతో పిలిచిరి. వారు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి, ఆటపాటలును నాటికలును పిల్లల సొత్తని చాటిరి.

ఇతర దేశములందును, ఇతర ప్రాంతములందును దీనికి నిదర్శనములు కలవు. రవీంద్రనాథ ఠాకూరు 1908లో శాంతినికేతన విద్యార్థులకొరకు ‘శారదోత్సవ’మను పాటల నాటకమును రచించెను. 1958లో ఇంగ్లండునందలి ఆర్ఫర్డను చిన్న ఊరి చర్చిలో బెంజమిన్ బ్రిట్టెన్ కూర్చిన ప్రళయగాథను ప్రదర్శించిరి. అందు ఓడనెక్కు జంతువుల వేషములు పిల్లలవే. వాద్యములు వాయించినవారిలోను పెక్కుమంది పిల్లలే. తొలి వానచినుకుల సవ్వడికై త్రాట వ్రేలాడదీసిన కప్పులను వారు మీటిరి. చూడవచ్చినవారును కొన్ని కీర్తనలలో గొంతు కలిపిరి. గొప్ప సంగీతజ్ఞుడు పిల్లలకు అందని దానిని వారి నెత్తిన పెట్టక, వారి చేతికి అందుదానితోనే గొప్ప పని చేయించెను.

ఇట్టి పనికి పల్నాటి గురజాల మిక్కిలి తగిన చోటు. వీరగాథయందలి నలగామరాజునకు రాజధాని ఇదియే. మలిదేవుని పక్షమువారికి మాచెర్ల నెలవు. 12వ శతాబ్దమునాటి ఆ దాయాదుల పగ కారెంపూడి రణరంగమున ముగిసెను. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ‘పల్నాటి వీరచరిత్రము’ మంజరీ ద్విపదలో నున్నది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ బుఱ్ఱకథగా ఆ గాథను పల్లెపల్లెకు కొనిపోయెను. కారెంపూడిలో ఏటేట కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు వీరారాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ దినములకు పేళ్లు. కథ యంతయు ఒక ఉత్సవముగా ఊరి నడుమ నడచును. కనుక కథను పదిమంది కలిసి ఆడి చూపుట ఈ సీమవారికి ఎవరును నేర్పనక్కరలేదు.

అయినను ఒక లోటు కలదు. వీరగాథ వీరులది. రాజులు, మంత్రులు, వీరులు, వీరపత్నులు అందు మాటలాడుదురు. కోడిపందెమునాడు గుంపులో నిలిచి చూచిన గురజాల బాలుని మనసులో ఏమి మెదలెనో, తండ్రి యుద్ధమునకు పోగా ఇంట మిగిలిన పసిబాలిక ఏమి పాడుకొనెనో, అది పెద్దల కావ్యములకు ప్రధానము కాలేదు. ఆ పాటను ఇప్పుడు కట్టదగినవారు గురజాల పిల్లలే. వారు ఆ కథను మార్చుట కాదు. అందు విడిచిన చోటును పూరించుట.

వీరగాథను మొత్తముగా ఆడబూనుట పొరపాటగును. అందు పిల్లలకు దగ్గరగా నున్నవి రెండు ఆటలు. మొదటిది కోడిపందెము. నాగమ్మ కోడికిని, బ్రహ్మనాయుని కోడికిని జరిగిన పందెములో ఓడి మలిదేవాదులు ఏడేండ్లు నాడు విడువవలసివచ్చెను. రెండవది బాలచంద్రుని బొంగరాలాట. ఎగిరిన బొంగరము తగిలి నొచ్చిన యొక వనిత పలికిన నిష్ఠురవాక్యము అతని పౌరుషమును రేపి రణమునకు పురికొల్పెనని గాథ చెప్పును. ఆటలో పుట్టిన పంతము పోరుగా పెరుగు తీరు పెద్దలకంటె పిల్లలకే బాగుగ తెలియును. బడి ఆటస్థలమున దినదినము అది వారి కంటబడుచునే యుండును.

ఈ రెండు ఆటలను రెండు రంగములుగా చేసి, నడుమ వలసపోవువారి పాటను, చివర ఇంటివారి పాటను చేర్చినచో ముప్పావుగంట నాటిక యగును. పిల్లలు రెండు జట్లుగా నిలువవలెను. గురజాల జట్టు ఒక చరణము పాడగా, మాచెర్ల జట్టు అదే వరుసలో తన చరణము పాడవలెను. అభ్యాసమునందు వారమున కొకసారి జట్లు తారుమారు కావలెను. నిన్న గురజాల పక్షమున పాడిన బాలుడు నేడు మాచెర్ల పక్షమున నిలిచి, ఆ పక్షమువారి బాధను తన నోటితో పాడవలెను. ఈ నియమము చిన్నదిగా కనబడును గాని నాటిక సారమంతయు ఇందే యున్నది. పూర్వపు కక్షల కథలు వినుచు పెరుగు పిల్లలకు ఎదుటివాని మాటను శ్రద్ధగా పలికి చూచుటకంటె మంచి పాఠము వేరొకటి లేదు. దానిని ఉపన్యాసముగా చెప్పిన వినరు. పాటగా ఇచ్చిన మరువరు.

పాటలు కట్టుటకు పండితులే కానక్కరలేదు. ద్విపదపాదమున మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము ఉండునని పాఠశాల పిల్లలు చదివియే యుందురు. ఆ లెక్కను వ్రేళ్లమీద పెట్టుకొని రెండు పాదములు కూర్చిన నాడు ఛందస్సు వారికి పరీక్షకొరకు కాక పనికొరకు తెలియును. కోలాటపు పాటలు, జోలపాటలు, నాట్లపాటలు ఇంటింట అవ్వలకు వచ్చును. పిల్లలు వారి యొద్ద కూర్చుండి ఆ వరుసలను నేర్చుకొని, వానిలో క్రొత్తమాటలు నింపవచ్చును. ఉపాధ్యాయుడు తానే వ్రాసి ఇచ్చుట తగదు. పిల్లలు చెప్పిన మాటలను వ్రాసికొని, పలుకుటకు నాలుక తడబడు చోట మార్పు చూపిన చాలును. జట్టులో మిక్కిలి చిన్నపిల్ల అరవకుండ పాడగల శ్రుతినే ఎన్నుకొనవలెను. నాటకరంగపు హెచ్చు శ్రుతిని పసిగొంతులకు పెట్టుట హాని.

శ్రుతి పట్టని పిల్లలను వెనుకకు నెట్టరాదు. ఒకడు డప్పు పట్టవచ్చును. ఒకతె గజ్జెలు మ్రోగింపవచ్చును. కొబ్బరిచిప్పలు తట్టిన గుఱ్ఱపుడెక్కల చప్పుడు వచ్చును. వాద్యగాండ్రును, తెర లాగువారును నటులతో సమానులే. చక్కని రూపము, చక్కని దుస్తులు కలవారికే ముఖ్యపాత్రల నిచ్చు అలవాటు చాల చోట్ల కలదు. దానిని మానవలెను. ఆడుపిల్ల రంగమెక్కరాదను తల్లిదండ్రులకు సురభివారిని నిదర్శనముగా చూపవచ్చును. ఆ సమాజమున స్త్రీపాత్రలను స్త్రీలే ధరించి గౌరవము పొందిరి. మిరపకాయల కోతల కాలమున కొందరు పిల్లల ఇండ్లలో పెద్దలు తెల్లవారకముందే చేలకు పోవుదురు. చెల్లెలిని, తమ్ముని చూచుకొను భారము వారిపై పడును. అభ్యాసవేళను వారి వీలునుబట్టి నిర్ణయింపవలెను గాని, తీరికగలవారి వీలునుబట్టి కాదు. అట్లు కానిచో అది ఊరి నాటిక కాజాలదు.

దీనికి కొన్ని ఆక్షేపణలు రాకపోవు. చదువు చెడునని కొందరందురు. దినమున కొక గంట చొప్పున నెలన్నరలో అయ్యెడి పని ఇది. అందు ఛందస్సు, చరిత్ర, ఉచ్చారణము మూడును అభ్యాసమగును. అయినను ఆ గంట మితిమీరి పెరుగకుండ చూచుట పెద్దల బాధ్యత. పిల్లల రచన మోటుగా నుండునని మరికొందరందురు. అది నిజమే. సినిమాపాటకున్న నునుపు దానికి రాదు. కాని తొలిసారి పట్టిన బొంగరము ఎవనికిని నిలిచి తిరుగదు. అందుచేత బొంగరమును వేరొకరిచేత త్రిప్పించుకొని చూచు బాలుడు లేడు. ఇక మూడవ ఆక్షేపణ బరువైనది. కారెంపూడిలో పూజలందుకొను వీరులతో పిల్లలు ఆటలాడవచ్చునా? దీనిని తేలికగా త్రోసివేయరాదు. పాట సిద్ధమైన పిదప వీరగాథ తెలిసిన వృద్ధులకు దానిని వినిపించి, వారి మనసు నొచ్చు మాటలున్నచో విచారించి దిద్దుకొనవలెను. వీరులను పరిహసింపవలదు, అట్లే నాగమ్మను కేవలము దుష్టురాలిగ చేసి కేకలు వేయింపనువలదు. ఒక స్త్రీ మంత్రాంగము నడిపిన కథ నిది. ఆమె పక్షమున కూడ ఒక చరణము వ్రాయుమని పిల్లలతో చెప్పిన, వారేమి వ్రాయుదురో పెద్దలకును ఆశ్చర్యము కలుగవచ్చును.

ఖర్చు మాటయు చెప్పవలసినదే. రంగులతెరలు, మెరుపుదీపములు లేకున్నను నాటికకు లోపము లేదు. పాఠశాల అరుగు, రెండు దుప్పట్లు, ఒక హార్మోనియము, ఒక డప్పు చాలును. ఊరివారు నేలపై కూర్చుండి చూడవచ్చును. చివరిపాటలోని పల్లవిని ముందుగానే వారికి నేర్పినచో వారును గొంతు కలుపుదురు. అప్పుడు చూచువారెవరు, ఆడువారెవరు అను భేదము కొంత తగ్గును.

నాటిక ముగిసిన రాత్రి చేయదగిన పని యొకటి కలదు. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసెనని, దానినే చాపకూడనిరని పల్నాటివారు చెప్పుకొందురు. మాలకులజుడైన కన్నమదాసు ఆయన సేనకు నాయకుడయ్యెను. చాపకూడు మాచెర్ల పక్షమువారిదని గురజాల పిల్లలు వెనుదీయనక్కరలేదు. రెండు జట్లవారు, డప్పు వాయించినవారు, తెర లాగినవారు, పాట చెప్పిన అవ్వలు ఒక చాపమీద కూర్చుండి భుజింపవలెను. పందెముతో మొదలైన కథ ఆ పిల్లల చేతులలో పంక్తిభోజనముతో ముగిసిన, వారు ఏడాదిలో నేర్వదగిన పాఠములలో ఒకటి పూర్తియైనట్లే. మరుసటి యేడు ఏ కథ ఎన్నుకొందమని ఆ చాపమీదనే వారు ముచ్చటింపవచ్చును.